పంతొమ్మిదో రోజున పచ్చ గీత

నా ఫోన్‌కు కొత్త తెర నేనే బిగించిన పంతొమ్మిదో రోజున పైనుంచి కిందికి ఒక పచ్చని గీత మొలిచింది. ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు 90 రోజుల వారంటీ అన్నారు. అమ్మినవాళ్లకు ఫొటో పంపితే, "బిగించేటప్పుడు కేబుల్ మడిచారు, తప్పు మీదే" అని ఒక్క వాక్యం జవాబు. నాకు నిజంగా కోపం వచ్చింది. బిగించిన తెరకు వారంటీ వర్తించకపోతే, ఆ 90 రోజులు దేనికి? పెట్టెలో దాచుకోవడానికా?

వాళ్ల మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. ఓఎల్ఈడీ తెర (ప్రతి చుక్కా తానే వెలిగే రకం) వెనుక పట్టీలా పలుచగా ఉండే రిబ్బన్ కేబుల్ గట్టిగా వంగితే, లోపలి సన్నని రాగి దారులు తెగి గీత పడవచ్చు. తయారీ లోపమున్నా అదే గీత. బయటినుంచి చూసి తేడా చెప్పడం కష్టం. చెప్పలేనప్పుడు నెపం కొన్నవాడి మీదే ఎందుకు పడాలి?

ఇకమీదట పెట్టె విప్పడం నుంచే వీడియో తీస్తాను. జిగురు అంటించకముందే, రక్షణ పొర తీయకముందే కేబుల్ తగిలించి, తెల్ల, నల్ల బొమ్మలు పెట్టి, మూలమూలకూ వేలు జరిపి చూస్తాను. వారంటీ షరతులను కొన్న రోజే భద్రపరుస్తాను.

మూడో ఉత్తరం తరువాత సగం డబ్బు ఇస్తామన్నారు. వద్దన్నాను. నాలుగోది ఈ రాత్రే రాస్తున్నాను.