పాట మధ్యలో మాట

ఆదివారం. లేచేసరికి ఎనిమిదిన్నర. కాఫీ అయిందో లేదో, అమ్మ పళ్లెం నిండా చిక్కుడుకాయలు తెచ్చి ముందు పెట్టింది, ఈనెలు తీయమని. చేతులకి పనుంది, చెవులు ఖాళీ. ఫోన్‌లో జమైకా డీజే యూ-రాయ్ మొదటి ఆల్బమ్ ‘వర్షన్ గలోర్’ పెట్టాను.

రెండో పాట కూడా అవలేదు, వంటింట్లోంచి కేక. "ఒరేయ్, ఆ అబ్బాయి చక్కగా పాడుకుంటున్నాడు కదా, మధ్యలో ఎవడ్రా ఆ వాగేవాడు?"

ఆ వాగేవాడిదే ఆల్బమ్ అని ఎలా చెప్పను!

జమైకాలో రికార్డులు వేసేవాణ్ణి సెలెక్టర్ అంటారు. డీజే అంటే మైకు పట్టుకుని పాట మీద మాట్లాడేవాడు. ఆ మాట్లాడటమే టోస్టింగ్. యూ-రాయ్ కింగ్‌స్టన్‌లో కింగ్ టబ్బీ అనే ఆయన సౌండ్ సిస్టమ్ మీద, అంటే డాన్సు పార్టీల్లో రికార్డులు వేసే పెద్ద స్పీకర్ల సెట్టు మీద, రాత్రుళ్లు ఇదే పని చేసేవాడు. ఒక డాన్సులో పారగాన్స్ బృందం పాట మీద అతను టోస్ట్ చేస్తుంటే ఆ బృందం గాయకుడు జాన్ హోల్ట్ విన్నాడు. నేనైతే నా పాట మీద ఇంకొకడు అరుస్తుంటే గొడవకి దిగేవాణ్ణి. హోల్ట్ మాత్రం వెళ్లి నిర్మాత డ్యూక్ రీడ్‌కి చెప్పాడు, ఇతన్ని రికార్డు చేయమని.

డ్యూక్ రీడ్ మాజీ పోలీసు. బాండ్ స్ట్రీట్‌లో కింద లిక్కర్ షాపు, పైన ట్రెజర్ ఐల్ స్టూడియో. అప్పటికే రెండు మూడేళ్ల కిందటి రాక్‌స్టెడీ (రెగేకి ముందు నడిచిన జమైకా సంగీతం) హిట్లు టేపుల్లో ఉన్నాయి. గాయకుల గొంతు అక్కడక్కడా తీసేసి, ఆ ఖాళీల్లో యూ-రాయ్‌ని వదిలాడు. 1970లో అలా వచ్చిన మూడు పాటలు జమైకా చార్టులో మొదటి మూడు స్థానాలూ ఒకేసారి పట్టేశాయి.

గొంతు తీసేయడం వెనక ఇంకో కథ ఉంది, నాకు అది మరీ ఇష్టం. అంతకు కొన్నేళ్ల ముందు స్పానిష్ టౌన్‌లో రడ్డీ రెడ్‌వుడ్ అనే ఆయనకి సౌండ్ సిస్టమ్ ఉండేది. ఆయన కోసం పారగాన్స్ ‘ఆన్ ద బీచ్’ పాటని డిస్కు మీదకి ఎక్కిస్తూ స్టూడియోలో గొంతు కలపకుండా వదిలేశారు. ఆయన దాన్ని అలాగే డాన్సులో వేశాడు. జనమే పాట అందుకుని పాడేశారట! ఆ పాట కూడా ఈ ఆల్బమ్‌లో ఉంది.

అన్నిట్లోకీ ‘వేర్ యూ టు ద బాల్’ నాకు ప్రాణం. నిన్ను డాన్సుకి తీసుకెళ్తానని హోల్ట్ అంటాడో లేదో, విన్నావా ఏమన్నాడో అని యూ-రాయ్ ఆ అమ్మాయిని నిలదీస్తాడు. మధ్యలో ఒక కీచు కేక. అతను పాటకి అడ్డం రావడం లేదు, జవాబిస్తున్నాడు. చివరికొచ్చేసరికి అవే కేకలు, అదే ఊపు, కొంచెం విసుగొస్తుందనుకోండి. నేను సగం దాకా విని మళ్లీ మొదటికొస్తా.

ఇదంతా అమ్మకి చెప్పబోయాను. "అయితే ముందా వాగుడు ఆపు" అని తన రేడియో పెట్టుకుంది. ఏదో పాత పాట. ఎప్పుడొస్తావని హీరోయిన్ తెగ బాధపడిపోతోంది.

"వాడు రాడే, పడుకో" అంది అమ్మ, పోపులో కరివేపాకు వేస్తూ.

నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నానో చెప్పినా ఒప్పుకోదు. కాసేపాగి ఇంకో చరణానికి "ఆఁ, చెప్పావులే" అంది.

మధ్యాహ్నం కూరలో నాకే మూడు ఈనెలు వచ్చాయి. పళ్లెం అంచున పెట్టాను.

"మరి ఆ వాగుడు వింటూ తీశావుగా" అంది.