అప్పు సరే, వాయిదా ఎప్పటి నుంచి?

చిన్న వ్యాపారాలకు అప్పులిస్తే పేదరికం తగ్గుతుందా అన్న చర్చ వడ్డీ దగ్గర మొదలై వడ్డీ దగ్గరే ముగుస్తుంది. నా దృష్టిలో, మొదటి వాయిదా ఎప్పుడు కట్టాలన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

హైదరాబాద్ బస్తీల్లో 2005లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి సహచరులు మొదలుపెట్టిన అధ్యయనాన్ని చూడండి. పేద మహిళలకు చిన్న అప్పులిచ్చే స్పందన సంస్థ అడుగుపెట్టదలచిన 104 బస్తీల్లో సగాన్ని లాటరీ పద్ధతిలో ఎంచి, అక్కడ ముందుగా రుణాలిప్పించి, మిగతా సగంతో పోల్చారు. ఆరు నుంచి పది మంది మహిళల గ్రూపు, ఒకరికొకరు పూచీ, మొదటి అప్పు సాధారణంగా 10,000 రూపాయలు, 50 వారాల కంతులు. కాగితం మీద వడ్డీ 12 శాతమే అయినా, అసలు వారం వారం తరుగుతున్నా వడ్డీని మొదటి మొత్తం మీదే లెక్కగట్టడం వల్ల అది నిజానికి 24 శాతం దాకా తేలేది. ఈ అప్పులతో వ్యాపారాల్లో పెట్టుబడి కొంత పెరిగింది, టీ, పొగాకు వంటి ఖర్చులు తగ్గాయి; కానీ కుటుంబాల సగటు వినియోగం పెరగలేదు, చదువులోనూ ఆరోగ్యంలోనూ చెప్పుకోదగ్గ మార్పు రాలేదు.

ఇందులో నాకు ఆశ్చర్యమేమీ లేదు. అప్పు తీసుకున్న మరుసటి వారం నుంచే కంతు కట్టాలంటే, పొద్దున సరుకు తెచ్చి సాయంత్రానికి సొమ్ము చేసుకునే కూరగాయల బండికి సరిపోతుంది గాని, చూడి గేదెను కొన్న ఇల్లాలు అది ఈనేదాకా వాయిదా ఎక్కడి నుంచి తెస్తుంది? పక్కింట్లో చేబదులు తెస్తుంది, లేదా గేదె జోలికే పోదు.

కోల్‌కతాలో ఆర్థికవేత్త రోహిణీ పాండే బృందం దీన్నే పరీక్షించింది. కొందరికి మామూలుగా రెండు వారాలకే వాయిదాలు మొదలుపెట్టి, మరికొందరికి రెండు నెలల గడువిచ్చారు. గడువు దొరికినవారు వ్యాపారంలో ఎక్కువ పెట్టుబడి పెట్టారు, దాదాపు మూడేళ్ల తర్వాత వారి లాభాలు సుమారు 40 శాతం ఎక్కువగా ఉన్నాయి. అయితే వారిలో బాకీ ఎగవేతలూ పెరిగాయి. సంస్థలు వాయిదాలను వెంటనే మొదలుపెట్టడానికి ఒక కారణమూ అదే.

2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అప్పు తీసుకున్నవారి ఆత్మహత్యల వార్తల నడుమ, ఆర్డినెన్సు తెచ్చి ఇలాంటి సంస్థల వారం వసూళ్లను నెలవారీ చేసింది. వసూళ్ల పేరిట వేధింపులను ఆపడానికి అది అవసరమే. కానీ ఆ తర్వాత వసూళ్లు దాదాపు నిలిచిపోయి, కొత్త అప్పులు కూడా పుట్టలేదు. గడువిచ్చినందుకు పెరిగే ఎగవేతల భారాన్ని సంస్థ మోయాలా, ప్రభుత్వం మోయాలా, సకాలంలో కట్టే తోటి మహిళలే వడ్డీ రూపంలో మోయాలా అన్నది తేల్చకుండా గేదెకు అప్పు ఇస్తామనడంలో అర్థం లేదు.