తుంబురు తీర్థ ముక్కోటికి పోయొచ్చాం: నా అనుభవం

నిన్న ఫాల్గుణ పౌర్ణమి. మా వాకింగ్ బ్యాచ్ అంతా కలిసి తుంబురు తీర్థానికి పోయొచ్చాం. కాళ్ళ నొప్పులు ఇంకా తగ్గలేదు, కోపం అసలే తగ్గలేదు. వచ్చే ఏడాది పోవాలనుకునేవాళ్ళకి, ముఖ్యంగా యాభై దాటిన ఆడవాళ్ళకి పనికొస్తుందని ఈరోజే రాసేస్తున్నాను.

తిరుపతి వాళ్ళకి తెలిసిందే, తెలియనివాళ్ళ కోసం చెప్తాను. శేషాచలం కొండల్లో మూడున్నర కోట్ల తీర్థాలున్నాయని పురాణాలు చెప్తాయి. వాటిలో ముఖ్యమైనవి ఏడు: స్వామి పుష్కరిణి, కుమారధార, తుంబురు, రామకృష్ణ, ఆకాశగంగ, పాపవినాశనం, పాండవ తీర్థం. వీటిలో రామకృష్ణ, కుమారధార, తుంబురు అడవి లోపల ఉంటాయి. మామూలు రోజుల్లో అక్కడికి ఎవరినీ వదలరు. ఎర్రచందనం చెట్లున్న అడవి, చిరుతలు, ఏనుగులు తిరిగే చోటు. 1989లో నేషనల్ పార్కు చేశారు, 2010లో శేషాచలం మొత్తాన్ని బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. అందుకే ముక్కోటి, అంటే ఆ తీర్థంలో మునిగే పండగ రోజు, వచ్చినప్పుడే దారి తెరుస్తారు. రామకృష్ణకి పుష్య పౌర్ణమి, కుమారధారకి మాఘ పౌర్ణమి, తుంబురుకి ఫాల్గుణ పౌర్ణమి. ఆ రోజు తప్పితే మళ్ళీ ఏడాది ఆగాల్సిందే.

మా బ్యాచ్ అంటే పొద్దున్నే గ్రౌండులో నడిచేవాళ్ళం. నాది టైలరింగ్ షాపు. ఇంకా ఒక రిటైర్డు మేస్టారు, పాల బూతు అన్న, ఇద్దరు టీచరమ్మలు, కాలేజీ పిల్లలు కొందరు, అందరిలోకీ పెద్దది పెద్దమ్మ. ఆమెను పిల్లలూ పెద్దలూ అందరం పెద్దమ్మ అనే పిలుస్తాం. అలిపిరి మెట్లు 3,550 ఉంటే, శనివారం శనివారం అవి ఎక్కి దండం పెట్టుకుని వచ్చే మనిషి ఆమె. ఈమధ్య ఒకాయన మా బ్యాచ్‌కి తనకు తానే లీడరయ్యాడు. చేతికి వాచీ, అందులో అడుగుల లెక్క. ఈ ప్రయాణానికని తలా ఇంత వసూలు చేసి అందరికీ పసుపురంగు టీషర్టులు కుట్టించాడు. అవి కూడా నా షాపులో కుట్టించలేదు.

తెల్లవారుజామున కొండ బస్సెక్కాం. అలిపిరి తనిఖీ దగ్గర ప్లాస్టిక్ బాటిళ్ళు తీసేస్తారు. మావన్నీ స్టీలువి కాబట్టి ఇబ్బంది రాలేదు. గోగర్భం డ్యాం దగ్గర నుంచి ఆర్టీసీ బస్సులో పాపవినాశనం చేరాం. అక్కడ దేవస్థానం వాళ్ళు పొంగలి, ఉప్మా వేడివేడిగా పెట్టారు. అంతవరకు ఏ టెన్షనూ లేదు. అడవిలో పొయ్యి వెలిగించకూడదు కాబట్టి మధ్యాహ్నానికి ఇంట్లోనే అన్నీ చేసి తెచ్చుకున్నాం. నిమ్మకాయ చిత్రాన్నం, అలసంద వడలు, ఉడకేసిన చెనక్కాయలు, పెరుగన్నంలోకి ఊరుబిండి. అన్నీ ఒకే బ్యాగులో సర్ది పాల బూతు అన్న కొడుకు భుజాన వేసుకున్నాడు. ఆ బ్యాగు సంగతి తర్వాత వస్తుంది.

పాపవినాశనం డ్యాం దాటితే అడవి మొదలు. ఏడెనిమిది కిలోమీటర్లు నడవాలి. కొంతదూరం చదును, తర్వాత ఎక్కుడు, దిగుడు, వాగులో గుండ్రాళ్ళు. మొదటి గంట ఎంత బాగా గడిచిందో చెప్పలేను. మేస్టారు చెట్ల పేర్లు చెప్తుంటే పిల్లలు వింటున్నారు, పెద్దమ్మ తన పెళ్ళినాటి ముచ్చట్లు చెప్తా ఉంది, ముందుపోయే గుంపు గోవిందా అంటే మేమూ గోవిందా అంటున్నాం. ఇట్లా మాట్లాడుకుంటా నడవడం కోసమే కదా బ్యాచ్‌గా వచ్చింది. లీడరుకి మాత్రం ఇది నచ్చలేదు. మాటిమాటికీ వాచీ చూసి, "ఇట్లయితే టైముకి అందుకోలేం" అంటాడు. ఏ టైము? దేనికి? రైలుందా?

దారిలో ఒకచోట వైద్య శిబిరం పెట్టారు. కుర్చీలు, మందులపెట్టె, ఇద్దరు సిబ్బంది. పెద్దమ్మా నేనూ అక్కడికి చేరేసరికి మిగతావాళ్ళు ముందే వచ్చి నిలబడి ఉన్నారు. లీడరు అందరి ముందరా నాతో అన్నాడు: "అక్కా, మీ ఇద్దరి వల్ల అందరం ఆగాల్సి వస్తాంది. మీరిక్కడే కూర్చోండి, మేం పోయొచ్చేస్తాం."

"మాకేమైందబ్బా? వస్తానే ఉండాం కదా" అన్నాను.

ఆయన నాకు జవాబు చెప్పలేదు. నేరుగా శిబిరం వాళ్ళ దగ్గరికి పోయి, "ఈ పెద్దమ్మకి ఆయాసంగా ఉంది, ఈమెకి బీపీ ఎక్కువ, కొంచెం చూడండి" అని చెప్పేశాడు. రెండూ అబద్ధాలు. నేను ఇంతవరకు బీపీ మాత్ర మింగిందే లేదు. పెద్దమ్మ ఊపిరి నాకన్నా నిదానంగా ఉంది. కానీ గుండె జబ్బులు, ఆస్తమా ఉన్నవాళ్ళు రావద్దని ముందే ప్రకటిస్తారు కాబట్టి, అట్లాంటి మాట చెవిన పడ్డాక ఆ సిబ్బంది ఊరుకోరు, ఊరుకోకూడదు. మా ఇద్దరినీ కుర్చీల్లో కూర్చోబెట్టారు. నా జబ్బకి పట్టీ చుట్టి గాలి కొడుతున్నారు. దారి పక్కనే కదా, వందలమంది పోతా మమ్మల్నే చూస్తున్నారు. "అయ్యో పాపం" అని ఒకరు, "ఈ వయసులో ఎందుకొచ్చినారు తల్లీ" అని ఇంకొకరు. ఒక కుర్రోడు ఫోను తీసి మావైపు పెట్టాడు. పెద్దమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. అంత పెద్దామె, ఎవరికీ ఏ రోజూ తల వంచని మనిషి.

జబ్బ మీద పట్టీ బిగుస్తుంటే, పసుపు టీషర్టులు మలుపు తిరిగి పోవడం కనిపించింది. టీచరమ్మలు కూడా పోయారు. బ్యాగు మోసే పిల్లోడు ఒక్కడే ఆగి వెనక్కి చూశాడు. లీడరు కేకేస్తే వాడూ పోయాడు. మా అన్నం, మార్చుకోవడానికి తెచ్చుకున్న పొడి చీరలు ఆ బ్యాగులోనే. ఫోను చేద్దామంటే సిగ్నల్ లేదు.

శిబిరంలో ఉన్న అమ్మాయి పట్టీ విప్పి, "నూటముప్పై, ఎనభై. మీకేం లేదమ్మా" అంది. పెద్దమ్మనూ చూసి, "ఈమె కూడా బాగుంది. వాళ్ళు ఎందుకు అట్లా చెప్పారో నాకు తెలీదు. నీళ్ళు తాగి నిదానంగా పోండి" అని మజ్జిగ కూడా ఇప్పించింది. ఆ అమ్మాయి చల్లగా ఉండాలి.

తిరిగి పోదామా అని నా మనసులో ఒక్క క్షణం వచ్చింది. పైకి అనకముందే పెద్దమ్మ లేచి కొంగు నడుముకి చెక్కుకుంది. "పద. తీర్థం వాని అబ్బ సొత్తా?" అంది.

ఇక్కడొక మాట చెప్పాలి. తరిగొండ వెంగమాంబ ఈ తుంబురు కోనలోనే ఏళ్ళ తరబడి తపస్సు చేసింది. మన పాత చిత్తూరు జిల్లా తరిగొండలో పుట్టి, చిన్నతనంలోనే భర్త పోతే, ఊరి కట్టుబాట్లకి లొంగకుండా కొండకి చేరిన ఆడమనిషి. తిరుమలలో కూడా ఇరుగుపొరుగు వాళ్ళు పెట్టే బాధలు పడలేక ఈ కోనకి వచ్చేసిందని పెద్దలు చెప్తారు. అప్పుడు బస్సు లేదు, కట్టిన తాడు లేదు, వైద్య శిబిరం లేదు. ఈరోజు కొండమీద లక్షలమంది భోంచేసే అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు. అట్లాంటి చోటికి పోతుంటే, ఆడవాళ్ళు ఆలస్యం చేస్తారు, పెద్దవాళ్ళు అడ్డం అనేవాళ్ళని ఏమనాలి? నాకు మాత్రం ఆ దారి అంతా ఆమె తలపే.

మిగతా దారిలో తిరుత్తణి నుంచి వచ్చిన ఒక కుటుంబం మాకు తోడయ్యింది. వాళ్ళు తమిళంలో ఈ రోజుని పంగుని ఉత్తిరం అంటారు. వాళ్ళలో ఒక అవ్వ ఉంది. ఆ ఇంటి మగపిల్లలు ఆమె నడకకి సరిగ్గా సరిపోయేలా నడుస్తున్నారు. ఒకడు ముందు, ఒకడు వెనక, ఎవరూ విసుక్కోలేదు. మా దగ్గర తినడానికి ఏమీ లేదని తెలిసి పులిహోర పొట్లం విప్పి మా చేతుల్లో పెట్టారు. భాష సగమే తెలిసినా కడుపు నింపారు.

కోనలోకి దిగాక ఆ అలసట గుర్తుండదు. కొండ నిలువునా చీలి, రెండువైపులా ఎర్రటి రాతిగోడలు. చేత్తో తడిమితే రాయి పొరలు పొరలుగా, చల్లగా తగులుతుంది. తలెత్తితే ఆకాశం పట్టుచీర అంచంత వెడల్పున కనిపిస్తుంది. ఆ సందులోనే నీళ్ళు. మొదట మోకాళ్ళ లోతు, తర్వాత నడుము, కొన్నిచోట్ల ఛాతీ దాకా. అడుగున గులకరాళ్ళు జారుతాయి. తాడు పట్టుకుని ఒకరి వెనక ఒకరు పోవాలి. అవ్వ ఒక చెయ్యి పెద్దమ్మ పట్టుకుంది, పెద్దమ్మ ఇంకో చెయ్యి నేను పట్టుకున్నాను. లోపల నీళ్ళు పడేచోట ముగ్గురం మూడు మునకలు వేశాం. నేను ఎక్కడా కూలబడలేదు, ఎవరి భుజమూ పట్టుకోలేదు. ఇది గర్వంగానే చెప్తున్నాను.

తడి చీరలతోనే తిరిగి నడిచాం. ఎండకి దారిలోనే ఆరిపోయాయి. పాపవినాశనం చేరేసరికి మా వాళ్ళు బస్సు కోసం నిలబడి ఉన్నారు. అక్కడ తెలిసిందేమిటంటే, వాళ్ళు కోన లోపలిదాకా పోనేలేదు. జనం ఎక్కువున్నారు, టైమైపోతుందని మొదటి మడుగు దగ్గరే ఫోటోలు దిగి లీడరు వెనక్కి తిప్పేశాడట. పిల్లల ముఖాలు వాడిపోయి ఉన్నాయి.

నన్ను చూసి ఆయన, "వచ్చేసినారా అక్కా, మీ మంచికే కదా చెప్పినాను" అన్నాడు.

నేను గొంతు తగ్గించలేదు. అందరి ముందరా అవమానించావు కాబట్టి అందరి ముందరే అడుగుతున్నా, బీపీ ఎవరికి? ఆయాసం ఎవరికి? నిజంగా గుండె పట్టేసినవాళ్ళు వస్తే కూర్చోబెట్టాల్సిన కుర్చీలు అవి. నీ వాచీలో టైము కోసం ఆరోగ్యంగా ఉన్న ఇద్దరిని అందులో కూర్చోబెట్టించావు. ఇదే అడిగాను. మేస్టారు తలవంచుకుని, "నేనైనా ఆగుండాల్సింది తల్లీ" అన్నారు. టీచరమ్మలు ఏమీ అనలేదు. లీడరు ఇంకో బస్సెక్కి పోయాడు.

పోయేవాళ్ళకి నాలుగు మాటలు. అడుగు జారని చెప్పులో బూట్లో వేసుకోండి, కొత్తవి వద్దు. ఫోనుని నీళ్ళు దూరని కవర్లో పెట్టండి. పొద్దున ఎంత తొందరగా బయల్దేరితే కోనలో అంత తక్కువ రద్దీ. అన్నిటికన్నా ముఖ్యం, మీ అన్నం, మీ పొడిబట్టలు మీ భుజానే ఉండాలి, ఎవరెంత మంచివాళ్ళయినా సరే. ఆరోగ్యం బాగాలేకపోతే మాత్రం మొండిగా రావద్దు, ఆ ప్రకటన ఊరికే ఇవ్వరు.

వచ్చే నెల శ్రీవారి మెట్టు అనుకుంటున్నాం. శ్రీనివాసమంగాపురం వైపు నుంచి, 2,388 మెట్లు. అందరికన్నా నిదానంగా నడిచేవాళ్ళు ముందు, మిగతావాళ్ళు వెనక, ఇష్టమైతేనే రండి అని నిన్న రాత్రి గ్రూపులో పెట్టాను. మేస్టారు, పాల బూతు అన్న, పిల్లలు సరేనన్నారు. పెద్దమ్మకి ఫోను చేసి చెప్తే వడలు నేనే చేస్తా అంది. లీడరు గ్రూపు నుంచి బయటికి పోయాడు. టీషర్టులకి వసూలు చేసినదాంట్లో మిగిలిన డబ్బు ఇంకా ఆయన దగ్గరే ఉంది. రేపు గ్రౌండుకి పోయి అడుగుతాను.