లైబ్రరీ స్విచ్‌కి ఐఓఎస్ మార్చిన రోజు

గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ పని చూస్తాను. లైబ్రరీలో కంప్యూటర్లను నెట్‌వర్క్‌కి కలిపే 24 పోర్టుల సిస్కో క్యాటలిస్ట్ 2960 స్విచ్ ఒకటి ఉంది. దాన్ని నడిపించే సిస్కో సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ బాగా పాతబడింది, కొత్తది ఎక్కించాలి. మే నెలలో, పిల్లలు పల్చగా ఉన్న రోజు చూసుకుని ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. గంటలో అయిపోతుందనుకున్నాను.

ముందుగా స్విచ్‌లో ఉన్నవాటిని బయటికి తీద్దామని మొదలుపెట్టాను. ల్యాప్‌టాప్‌లో టీఎఫ్‌టీపీడీ64 అనే ఫైల్ సర్వర్ నడిపి, నడుస్తున్న సెట్టింగులు (కాన్ఫిగ్) దానికి పంపమని స్విచ్‌లో ‘కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ టీఎఫ్‌టీపీ’ కొట్టి, ల్యాప్‌టాప్ అడ్రస్ ఇచ్చాను. స్క్రీన్ మీద ఒక చుక్క పడింది. కాసేపాగి ఇంకో చుక్క. చివరికి ‘టైమ్డ్ ఔట్’. పింగ్ వెళ్తోంది, అంటే రెండూ ఒకదాన్నొకటి చేరుతున్నాయి, ఫైల్ మాత్రం వెళ్లడం లేదు. ఫైళ్లు పంపే ఈ టీఎఫ్‌టీపీ పద్ధతికి ల్యాప్‌టాప్‌లో యూడీపీ 69 పోర్టు తెరిచి ఉండాలి, దాన్ని విండోస్ ఫైర్‌వాల్ ఆపేస్తోంది. దానికి అనుమతిచ్చినా మళ్లీ చుక్కలే. తీరా చూస్తే ల్యాప్‌టాప్‌లో వైఫై కూడా ఆన్‌లో ఉంది, సర్వర్ ఆ వైఫై అడ్రస్ పట్టుకుని కూర్చుంది. వైఫై ఆపి, కేబుల్ అడ్రస్ ఎంచుకున్నాక చుక్కల చోట ఆశ్చర్యార్థకాలు వరసగా పడ్డాయి. ఈ పని చేసేవాళ్లకి ఆ వరస చూస్తే ప్రాణం కుదుటపడుతుంది.

కాన్ఫిగ్ ఒక్కటే తీసుకుంటే చాలదని ఇంతకు ముందే తెలిసొచ్చింది. వీలాన్‌లంటే ఒకే స్విచ్‌లో విడదీసిన వేర్వేరు నెట్‌వర్క్‌లు. వాటి జాబితాని స్విచ్‌ల మధ్య పంచే వీటీపీ సర్వర్ మోడ్‌లో ఉన్న స్విచ్‌లో ఆ జాబితా రన్నింగ్ కాన్ఫిగ్‌లో కనిపించదు, ఫ్లాష్‌లో, అంటే కరెంటు పోయినా నిలిచే మెమరీలో, ‘వీలాన్.డ్యాట్’ అనే వేరే ఫైల్‌లో ఉంటుంది. ఒకసారి మరో బ్లాక్‌లో స్విచ్ మార్చినప్పుడు ఆ ఫైల్ దాచుకోక, వీలాన్‌లన్నీ చేత్తో మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. అందుకని ఈసారి దాన్నీ, నడుస్తున్న ఐఓఎస్ ఫైల్‌నీ కూడా ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకున్నాను. ఐఓఎస్ ఫైల్ తొమ్మిది ఎంబీల పైనే. టీఎఫ్‌టీపీ 512 బైట్ల ముక్క పంపి, అందిందని కబురు వచ్చాకే తర్వాతి ముక్క పంపుతుంది, అందుకే అంత నెమ్మది. పాతదే కదా, ఇది లేకపోతే ఏం అని మధ్యలో అనిపించింది. అయినా ఆపకుండా పూర్తిగా దించుకున్నాను.

కొత్త ఇమేజ్, అంటే ఐఓఎస్ ఫైల్, దాదాపు 12 ఎంబీ. ఫ్లాష్ మొత్తం 32 ఎంబీ. ‘డిర్ ఫ్లాష్’ కొడితే నడుస్తున్న ఇమేజ్, హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్, ఎవరో ఎప్పుడో పెట్టి వదిలేసిన ఫైళ్లు కనిపించాయి. చోటు చాలదు. ఆ వదిలేసిన ఫైళ్లు ఏమిటో తెలియక ముట్టుకోవడానికి భయమేసింది. నడుస్తున్న ఇమేజ్ అయితే నా దగ్గర నకలుంది, పైగా ఐఓఎస్ ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తుంది కాబట్టి ఫ్లాష్‌లో చెరిపినా స్విచ్ ఆగదు. దాన్నే చెరిపి, కొత్తది కాపీ పెట్టాను. ఆశ్చర్యార్థకాలు మూడు నాలుగు వరసలు నిండాయి.

అప్పుడు కరెంటు పోయింది. ర్యాక్‌లో యూపీఎస్ రెండుసార్లు కూసి ఆగిపోయింది, దాని బ్యాటరీలు ఎప్పుడో నీరసించిపోయాయి. ఫ్యాన్ చప్పుడు ఆగిన ఆ గదిలో నా గుండె చప్పుడు నాకే వినిపించింది.

“సార్, కరెంటు పోయింది. మీ పనికేం కాలేదుగా?” అంటూ అటెండర్ వచ్చాడు.

“అయింది బాబాయ్. జనరేటర్ లైన్ నుంచి ఒక బోర్డు లాగగలవా?”

ఆయన లాగేలోగా, ల్యాప్‌టాప్‌ని నేరుగా స్విచ్‌కి కలిపే లేత నీలం కన్సోల్ కేబుల్ తగిలించాను. స్విచ్ లేచింది గానీ, ఎక్కించుకోవడానికి ఇమేజ్ లేక ‘స్విచ్:’ అనే ప్రాంప్ట్ దగ్గర ఆగిపోయింది. అక్కడ టీఎఫ్‌టీపీ పనిచేయదు. కన్సోల్ తీగ మీదే ఎక్స్‌మోడెమ్ అనే పాత పద్ధతిలో ఫైల్ పంపాలి. కన్సోల్ కోసం నేను వాడే పుట్టీ ప్రోగ్రామ్‌లో ఎక్స్‌మోడెమ్ లేదు. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని, అది ఉన్న టెరా టర్మ్ దించుకున్నాను.

కన్సోల్ వేగం సెకనుకి 9600 బిట్లు. ఆ వేగాన తొమ్మిది ఎంబీలకి మూడు గంటలు దాటుతుంది. ఫ్లాష్‌ని సిద్ధం చేసే ‘ఫ్లాష్_ఇనిట్’ కొట్టి, సగంలో తెగిన ఫైల్ తీసేసి, వేగం పెంచడానికి ‘సెట్ బాడ్ 115200’ అన్నాను. వెంటనే స్క్రీన్ మీద పిచ్చి గీతలు. టెరా టర్మ్‌లో కూడా అదే వేగం పెట్టాక అక్షరాలు సర్దుకున్నాయి. కొత్త ఇమేజ్ కూడా ల్యాప్‌టాప్‌లోనే ఉంది. కానీ ఆ గంటలో కొత్తదాన్ని నమ్మబుద్ధి కాలేదు. ఉదయం దాకా ఇదే స్విచ్‌ని నడిపిన పాత ఫైల్‌నే పంపాను.

అరగంట సేపు శాతం అంకె మీద నుంచి కళ్లు తీయలేదు. కేబుల్‌కి చెయ్యి తగులుతుందేమోనని మంచినీళ్లకి కూడా లేవలేదు. అయ్యాక ‘బూట్’ కొడితే అట్ (@) గుర్తులు వరసలు కట్టాయి. స్టార్టప్ కాన్ఫిగ్ ‘కాన్ఫిగ్.టెక్స్ట్’ పేరుతో, ‘వీలాన్.డ్యాట్’ కూడా ఫ్లాష్‌లోనే క్షేమంగా ఉన్నాయి కాబట్టి వీలాన్‌లు, పాస్‌వర్డ్‌లు అన్నీ ఎక్కడివక్కడ వచ్చేశాయి. కన్సోల్ వేగం మళ్లీ 9600కి మార్చి ఇంటికెళ్లాను.

వారం తర్వాత మళ్లీ కూర్చున్నాను. ఈసారి పాస్‌వర్డ్ అడిగి, ఫైల్‌ని రహస్యంగా పంపే ఎస్‌సీపీ పద్ధతి వాడాను. టీఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ అనేదే లేదు, కాన్ఫిగ్ లాంటి ఫైల్‌ని అలా పంపడం నాకు ఇష్టం లేదు. స్విచ్‌లో ‘ఐపీ ఎస్‌సీపీ సర్వర్ ఎనేబుల్’ పెట్టినా మొదట ఫైల్ కదల్లేదు. ల్యాప్‌టాప్‌లో ఎస్‌సీపీ కమాండ్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అనే ప్రోగ్రామ్‌తో వస్తుంది; 2022లో వచ్చిన దాని 9.0 వెర్షన్ నుంచి ఆ కమాండ్ లోపల ఎస్‌ఎఫ్‌టీపీ అనే వేరే పద్ధతి వాడుతోంది, పాత స్విచ్‌కి అది అర్థం కాదు. పాత పద్ధతికి మళ్లించే పెద్ద ‘ఓ’ ఆప్షన్ జోడిస్తే వెళ్లింది. ఎవరివో తెలియని ఆ ఫైళ్లను ముందు ల్యాప్‌టాప్‌లోకి తెచ్చి దాచి, అప్పుడు చెరిపాను. రెండు ఇమేజ్‌లకీ చోటు దొరికింది. ‘వెరిఫై’ కమాండ్‌తో ఎండీ5, అంటే ఫైల్ చెడలేదని తేల్చే గుర్తింపు సంఖ్య, తీసి, డౌన్‌లోడ్ పేజీలో ఉన్నదానితో అక్షరం అక్షరం సరిచూశాను.

రీలోడ్ కొట్టడానికి స్విచ్ దగ్గరికి వెళ్లేసరికి, నేను అడగకుండానే బాబాయ్ జనరేటర్ లైన్ బోర్డు ర్యాక్ దాకా లాగి పెట్టి ఉంచాడు.