పాత అంబాసిడర్ ఆర్‌సీ రెన్యువల్: బ్రేకు ఇన్‌స్పెక్టర్ దగ్గర బండి ఆగేది ఎక్కడ

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు పెళ్ళిళ్ళకీ, ఇంటి వాడకానికీ అంబాసిడర్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఉత్తర్‌పాడాలో తయారీ 2014లో ఆగిపోయింది కాబట్టి ఉన్నవన్నీ 15 ఏళ్ళు దాటినవో, దాటబోతున్నవో. రెన్యువల్ దగ్గరపడగానే యజమానులు డబ్బు పోసేది ఇంజనుకీ, పెయింటుకీ. బండిని వెనక్కి పంపించేది మాత్రం ఎక్కువగా నంబర్లు, బ్రేకులు, అడుగున తుప్పు.

ముందు కాగితాల సంగతి. రెన్యువల్ దరఖాస్తు ఫారం 25, ఆర్‌సీ గడువుకి 60 రోజుల ముందు నుంచీ పెట్టుకోవచ్చు. పాసైతే 5 ఏళ్ళు. 15 ఏళ్ళు దాటిన కారుకి ఫీజు 5,000 రూపాయలు, 20 దాటితే 2025 ఆగస్టు నుంచి 10,000. ఆలస్యమైతే నెలకి 500 అదనం. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్టు, హై సెక్యూరిటీ నంబరు ప్లేటు లేకుండా వెళ్ళడం దండగ.

అసలు చిక్కు ఇంజను నంబరుతో. పెట్రోలు బండికి డీజిల్ ఇంజను ఎక్కించేసి, ఆర్‌సీలో పెట్రోలుగానే వదిలేసిన కార్లు మన వైపు చాలానే ఉన్నాయి. ఇంకో పెట్రోలు ఇంజనే వేసినా సరే, నంబరు మారితే ఆర్‌సీలో ఎక్కించాల్సిందే. ఇన్‌స్పెక్షన్ రోజున చెప్పుకుందాంలే అంటే కుదరదు, మార్పుల దరఖాస్తు ముందే నడవాలి. ఇంజను కొన్న బిల్లు పారేయకండి. రంగు మార్చినా ఇదే కథ.

ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి, పెన్సిల్ రుద్ది ప్రింటు తియ్యాలి. తుప్పు పట్టిందని గ్రైండరు పెట్టారో, నంబరు దిద్దారన్న అనుమానం మీదే పడుతుంది. కిరసనాయిలు గుడ్డతో నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో తుడిస్తే చాలు.

సరిహద్దు బండ్లది ఇంకో తలనొప్పి. ఏపీ 30, ఏపీ 35 నంబర్లతో ఏళ్ళ తరబడి ఒడిశాలో తిరిగేస్తుంటారు. 12 నెలలు దాటి ఇక్కడే ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. దానికి శ్రీకాకుళం గానీ విజయనగరం గానీ, బండి ఎక్కడిదైతే అక్కడి నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), తర్వాత ఇక్కడ కొత్త నంబరుకి ఫారం 27. పాత పుస్తకం ఆర్‌సీ అయితే కంప్యూటర్లో బండి వివరాలే దొరక్కపోవచ్చు. ఆ ఎంట్రీ చెయ్యాల్సింది మొదట రిజిస్టరైన ఆఫీసే. ఈ పనంతా ఆర్‌సీ గడువులో ఉండగానే ముగించుకోండి.

చౌకగా వస్తోందని ఇప్పటిదాకా ప్రభుత్వం పేరు మీదే ఉన్న అంబాసిడర్ కొనకండి. 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ బండ్ల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రెన్యువల్ కాదు, అవి తుక్కుకే వెళ్ళాలి.

ఇక బ్రేకులు. రోలర్ల మీద ఎక్కిస్తే ఏ చక్రం ఎంత పట్టిందో విడివిడిగా తేలిపోతుంది. మైదానంలో అయితే తోలించి బ్రేకు కొట్టిస్తారు, బండి ఒక పక్కకి లాగితే అక్కడితో ఫెయిలే. లాగడానికి ఎక్కువగా కనిపించే కారణం వెనక డ్రమ్ములోకి గేరాయిలు దిగడం. యాక్సిల్ సీలు పోయిందని సీలు ఒక్కటే మార్చి వదిలేస్తారు. యాక్సిల్ హౌసింగ్ మీద గాలి పోయే చిన్న రంధ్రం ఎర్రమట్టితో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి కొత్త సీలునీ తోసేస్తుంది. ముందు అది శుభ్రం చెయ్యండి, ఆయిలు ఫిల్లరు ప్లగ్గు అంచు దాటి పొయ్యకండి. ఆయిలు తాగిన లైనింగు పనికిరాదు. పెట్రోలు పోసి కాల్చేస్తే సరిపోతుందని షెడ్లలో అంటారు, వినకండి. పైన ఆరినా బ్రేకు వేడెక్కగానే లోపలి నూనె మళ్ళీ పైకొస్తుంది. ఒక యాక్సిల్‌కి రెండు వైపులా షూలు కలిపే మార్చాలి.

రెండో కారణం, బ్రేకు షూలని నెట్టే వీల్ సిలిండరు పట్టేయడం. బ్రేకాయిలు గాల్లో తడిని పీల్చుకుంటుంది. రెండేళ్ళకోసారి మార్చకపోతే సిలిండరు లోపల గుంటలు పడతాయి. అలాంటి సిలిండరుకి రబ్బరు కిట్టు వేసినా నాలుగు రోజుల్లో కారుతుంది, సిలిండరే మార్చండి. డాట్ 3 ఆయిలు చాలు. ఇంజనాయిలు చుక్క కలిసినా రబ్బర్లు ఉబ్బిపోతాయి. గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండరుకి దూరంగా ఉన్న చక్రంతో మొదలెట్టాలి: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి. హ్యాండు బ్రేకు కేబులు బిగించేది షూలు అడ్జస్టు చేశాకే. ముందే కేబులు లాగేస్తే షూలు రాసుకుంటూ సుంకి ఘాట్ దిగేలోపు డ్రమ్ములు కాలిపోతాయి.

స్టీరింగు ప్లే, అంటే చక్రాలు కదలకుండా స్టీరింగు ఊరికే తిరిగేది, 30 డిగ్రీల దాకా రూలు ఒప్పుకుంటుంది. 40 సెంటీమీటర్ల స్టీరింగు చక్రం అంచు మీద అది దాదాపు 10 సెంటీమీటర్లు, అంత ప్లే ఉన్న బండిని ఘాట్‌లో తోలకూడదు అన్నది నా మాట. బండి ఆగిపోయేది కింగ్‌పిన్ దగ్గర, అంటే ముందు చక్రం పక్కలకి తిరిగే పిన్ను దగ్గర. జాకీ ఎత్తి టైరుని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే, ఒకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. కదలిక పోతే వీల్ బేరింగు, అలాగే ఉంటే కింగ్‌పిన్ లేదా బుష్షులు. పక్కలకి ఊపితే తెలిసేది టై రాడ్ ఎండు, రాక్ సంగతి. గ్రీజు కొట్టేటప్పుడు చక్రం గాల్లో ఉండాలి. బరువు మీద ఉంటే పాత గ్రీజే అడ్డుపడి కొత్తది చేరాల్సిన చోటికి చేరదు.

టైర్లకి గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. గాడి బాగున్నా సైడుగోడ పగిలితే పాసు చెయ్యరు. సైడు మీది నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ఒకే యాక్సిల్‌కి ఒకవైపు రేడియల్, ఇంకోవైపు నైలాన్ వేస్తే బ్రేకు ఎంత బాగున్నా బండి లాగుతుంది.

తుప్పు విషయంలో గుర్తుంచుకోవాల్సింది, అంబాసిడర్‌కి జీపులాగా విడి ఛాసిస్ లేదు, బాడీయే బరువు మోస్తుంది. కాబట్టి డోర్ల కింద పెట్టె భాగం, వెనక కమాన్ కట్టలు తగిలే చోట్లు, ముందు చక్రాలకి స్ప్రింగులా పనిచేసే టార్షన్ బార్ వెనక కొస బిగించే క్రాస్‌మెంబరు (అడ్డకమ్మీ) పుచ్చితే అది అందానికి సంబంధించిన లోపం కాదు. బండి ఒకవైపు కిందికి వాలిందంటే మొదట ఆ క్రాస్‌మెంబరు చూడండి. పుట్టీ, ఫైబరు పట్టీ వేసి అండర్‌కోటు కొట్టిస్తే స్క్రూడ్రైవరు పిడితో తట్టగానే డొల్ల చప్పుడు వస్తుంది. 18 గేజి రేకు వెల్డింగు చేయించాలి, కుళ్ళిన రేకు మొత్తం కోసేశాకే. బరంపురం, గోపాల్‌పూర్ నుంచి కొన్న బండ్లయితే ఉప్పుగాలి తిన్నవి, నేల మీది మ్యాట్లు ఎత్తకుండా బేరమాడకండి.

లైట్లలో సమస్య బల్బులది కాదు, ఎర్తుది. ల్యాంపు బిగించే చోట తుప్పు గీకితే సగం వెలుగు తిరిగొస్తుంది. పాత ఫ్లాషరుకి ఎల్‌ఈడీ బల్బులు పెడితే ఇండికేటరు ఆరుతూ వెలగదు. డైనమో ఉన్న బండి ఐడిల్‌లో చార్జి ఇవ్వదు, లైట్లు చూసేటప్పుడు కాస్త యాక్సిలరేటరు ఇవ్వండి.

పొల్యూషన్‌కి, భారత్ స్టేజ్-2 నిబంధనలకి ముందు తయారైన పెట్రోలు కారు పరిమితి సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 3 శాతం, హెచ్‌సీ (కాలని ఇంధనం, హైడ్రోకార్బన్లు) 1,500 పీపీఎం. పాత డీజిల్ అయితే పొగ 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనం కొలత). సీఓ ఎక్కువైతే చోక్ పూర్తిగా వెనక్కి రావట్లేదేమో చూడండి. హెచ్‌సీ ఎక్కువైతే మిస్‌ఫైర్ (సిలిండరులో సరిగా మండకపోవడం) వెతకాలి: పాత 1489 సీసీ పెట్రోలు ఇంజనుకి డిస్ట్రిబ్యూటరు పాయింటు గ్యాపు 0.35 నుంచి 0.40, ప్లగ్గు 0.6, వాల్వు 0.38 మిల్లీమీటర్లు. ఇంజను బాగా వేడెక్కాకే పరీక్షకి పెట్టండి. ఇప్పటి 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి పాత రబ్బరు పైపులు మెత్తబడి చెమ్మగిల్లుతాయి. ఫ్యూయల్ పంపు అటూ ఇటూ ఉన్న ముక్కలు ఇథనాల్‌కి తట్టుకునే పైపుతో మార్చి, కొన్నాళ్ళు తిప్పి, బానెట్ కింద పెట్రోలు వాసన లేదని చూసుకున్నాకే ఆఫీసుకి బయల్దేరండి.