నవలాకారుడు కామిక్ రాస్తే తడబడేది ఎక్కడ?

అమెరికన్ రచయిత గ్రెగ్ రుకా మొదటి నవల 1996లో వచ్చింది. రెండేళ్లకే అంటార్కిటికాలో జరిగే నేరకథ ‘వైటౌట్’ను కామిక్‌గా రాశాడు, బొమ్మలు స్టీవ్ లీబర్‌వి. 2001లో మొదలైన తన గూఢచారి కామిక్ ‘క్వీన్ అండ్ కంట్రీ’ పాత్రలను 2004లో మళ్లీ నవలకెక్కించాడు. చూడ్డానికి రెండు పడవల ప్రయాణమే. కానీ ఆ రెండో పడవ నడిపే తీరే వేరు.

నవలల నుంచి వచ్చినవాళ్లు బోల్తా పడేది ఎక్కువగా లెక్క దగ్గర. అమెరికన్ నెలవారీ సంచికలో కథకు దక్కేవి 20 నుంచి 22 పేజీలు. పేజీకి ఐదారు ప్యానెళ్లు, అంటే బొమ్మల గళ్లు. ప్యానెల్‌లో 35 మాటలు దాటితే బొమ్మ మీద బెలూన్లే, అంటే మాటల బుడగలే, మిగులుతాయి.

“హీరో తలుపు తీసి, లోపలికెళ్లి, శవాన్ని చూసి కేకేశాడు.” నవలలో ఇది ఒక్క వాక్యం. ప్యానెల్‌లో పట్టేది మాత్రం ఒక్క క్షణం. స్క్రిప్టులో ఇలాగే రాసిస్తే ఆర్టిస్టు ఏది గీయాలి? ఒక ప్యానెల్‌లో గొళ్లెం మీద చెయ్యి. తర్వాతి దాంట్లో గుమ్మంలో అతని ముఖం, చూపు నేల మీద. శవం ఎదురు పేజీలో ఉంటే కన్ను ముందే అక్కడికి పోతుంది. అందుకే గుమ్మం కుడివైపు బేసి పేజీ చివర్లో రావాలి, శవం పేజీ తిప్పాక పైనే కనబడాలి. మధ్యలో ప్రకటన పేజీ దూరితే ఈ ఏర్పాటంతా తారుమారు, కాబట్టి ప్రకటనలు ఎక్కడో ఎడిటర్‌ను ముందే అడగాలి. కేక? ముఖంలో ఉంది, తీసేయండి.

ఇంకోటి. ఎడమ నుంచి చదివే కామిక్‌లో ముందు మాట్లాడేవాడిని ఎడమవైపు నిలబెట్టమని స్క్రిప్టులోనే రాయాలి. లేకపోతే బెలూన్ తోకలు ఒకదాన్నొకటి దాటి గజిబిజి అవుతుంది.

ఒప్పందం సంగతి. నవలకు కాపీరైట్ సాధారణంగా రచయితదే కాబట్టి ఇక్కడా అంతేననుకుని సంతకం పెట్టేస్తారు. వర్క్ ఫర్ హైర్, అంటే ప్రచురణకర్త కోసం డబ్బుకు రాసిచ్చే పని అయితే పేజీకింతని చేతికొస్తుంది, పాత్రలు ప్రచురణకర్త సొంతం. హక్కులు మీవే అయితే మొదట్లో ఏమీ రాకపోవచ్చు. ఆర్టిస్టుతో వాటా, సినిమా హక్కులు, ఒకరు మధ్యలో తప్పుకుంటే ఏంటన్నది మొదటి పేజీ గీయకముందే కాగితం మీద పెట్టుకోవాలి.

ఆర్టిస్టు రోజుకు ఒక పేజీ గీస్తే చాలా వేగమే. నవల ఆలస్యమైతే నష్టం ప్రధానంగా మీకే. స్క్రిప్టు ఆలస్యమైతే పేజీ లెక్కన బతికే ఆ మనిషికి ఆ రోజుల డబ్బు పోయినట్టే. రెండు గడువులూ ఒకే వారంలో పడ్డాయా, ముందు నాలుగు పేజీల స్క్రిప్టయినా అతనికి పంపి, ఆ తర్వాతే నవల తెరవండి.