బ్రాడీపేటలో ముందు గది

గుంటూరు బ్రాడీపేటలో అడ్రసు చెప్పడానికి వీధి పేరుతో పనిలేదు. "నాలుగు బై పద్నాలుగు" అంటే చాలు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. శంకర్ విలాస్ సెంటర్‌లో ఎక్కించుకున్న ఆటో అబ్బాయి ఇంకో ప్రశ్న అడగకుండా తెచ్చి దింపేస్తాడు. పక్కన అరండల్‌పేటలోనూ ఇదే లెక్క. రెండూ తెల్లవాళ్ల కాలపు పేటలే, వాళ్ల అధికారుల పేర్లే మోస్తున్నాయి. ఇప్పుడు రైలు పట్టాల మీది శంకర్ విలాస్ బ్రిడ్జి కూల్చి కొత్తది కడుతున్నారు కాబట్టి కొత్తపేట నుంచి రావాలంటే కంకరగుంట వైపు నుంచో మూడొంతెనల వైపు నుంచో చుట్టు తిరగాలి. వాన పడితే మూడొంతెనల కింద నీళ్లు నిలుస్తాయి, ఆ దారి మర్చిపోవలసిందే.

నేను పెళ్లయి ఈ పేటకి వచ్చింది 1986లో. అడ్డరోడ్డు మీద ఇల్లు. గేటు దాటితే కాస్త జాగా, మెట్లు, అటొకటి ఇటొకటి అరుగులు, పైన చెక్క జాఫ్రీ, అంటే అల్లిక తడక, కట్టిన వరండా. ఆ వరండాలో రెండు గుమ్మాలుండేవి. ఒకటి ఇంట్లోకి, ఒకటి ముందు గదిలోకి. ముందు గదిలోంచి ఇంట్లోకి తలుపుండేది గానీ ఎప్పుడూ గడియ వేసే ఉండేది. ఎందుకని అడిగితే అత్తయ్యగారు చెప్పారు: "అది మీ మావయ్యగారి నాన్నగారి ఆఫీసు గది. పార్టీలు వచ్చి కూర్చునేవారు."

ఆయన ప్లీడరు, పార్టీలంటే కేసుల మీద వచ్చేవాళ్లు. 1954లో ఆంధ్ర హైకోర్టు గుంటూరులో పెట్టినప్పుడు ఆ గది తెల్లారకముందే నిండేదట. రాత్రి రైలు దిగిన పార్టీలు అరుగుల మీదే పడుకునేవారట. 1956లో కోర్టు హైదరాబాదు వెళ్లిపోయింది. ఆయన వెళ్లలేదు. జిల్లా కోర్టు చాలన్నారు.

మా ఒక్క ఇల్లే కాదు, ఇక్కడి పాత ఇళ్లలో చాలావాటికి ఇలాంటి గది ఉంది. 1946లో మెడికల్ కాలేజీ వచ్చింది. డాక్టర్ల ఇళ్లలో ముందు గది కన్సల్టింగ్ రూము, పక్కన చీకటి గదిలో కాంపౌండరు. ఒకరింట్లో వీణ పాఠాలు. మా గదిలో ప్లీడరుగారి తర్వాత నేను హిందీ చెప్పాను. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష పరీక్షలకి. వాన మొదలైతే ట్యూషన్ పిల్లలే కాదు, దారిన పోయేవాళ్లూ వరండాలోకి వచ్చేవారు, ఎవరూ ఎవర్నీ అడిగేవారు కాదు. ఇల్లు మాది. ఆ గది, ఆ అరుగులు సగం వీధివి. ఈ పేటలో నాకు బాగా నచ్చింది అదే.

పాత ఇల్లు మొయ్యడం తేలికని మాత్రం చెప్పను. టేకు దూలాల మీద సన్నటి ఇటుక పేర్చి సున్నంతో వేసిన మద్రాసు టెర్రస్ మాది, కింద మాచర్ల నాపరాళ్లు. మే నెలలో మధ్యాహ్నం ఆ నాపరాళ్ల మీద పడుకుంటే చాప కూడా అక్కర్లేదు. కానీ దూలానికి చెద పట్టిందంటే బాగుచేసే మనిషి దొరకడు. కురుస్తోందని పిలిస్తే ఇప్పటి మేస్త్రీలు పాత గచ్చు మీద సిమెంటు పోసి వెళ్తారు. దాంతో బరువు పెరిగి దూలం ఇంకా కుంగుతుంది.

ఇళ్లు పోవడానికి అసలు కారణం కురవడం కూడా కాదు, వాటాలు. ఒక ఇంటిని నలుగురు అన్నదమ్ములకి పంచలేరు. బిల్డరుకి ఇస్తే తలా ఒక ఫ్లాటు వస్తుంది, డల్లాస్‌లో ఉన్నవాడు తన ఫ్లాటు అద్దెకిచ్చుకుంటాడు. స్థలం మనది, కట్టుబడి వాళ్లది, ఫ్లాట్లు చెరి సగం. కార్నరు బిట్టయితే ఇంకొంచెం ఎక్కువ, పైన గుడ్‌విల్ అని బిల్డరిచ్చే డబ్బు. 2014లో రాష్ట్రం విడిపోయి, అమరావతి రాజధాని అన్న దగ్గర్నుంచి ఈ పేటలో అద్దెలూ పెరిగాయి, ఈ మాటలూ పెరిగాయి. ఏ పెళ్లికెళ్లినా "మీది డెవలప్‌మెంట్‌కి ఇచ్చారా?" అన్నదే పలకరింపు.

అపార్ట్‌మెంట్లని నేను తిట్టను. మా ఎదురింటి పిన్నిగారు ఎనభై దాటిన మనిషి, పెద్ద పెంకుటింట్లో ఒక్కతే రాత్రిళ్లు లైటు వేసుకుని కూర్చునేది. ఇప్పుడు అదే స్థలంలో మూడో అంతస్తులో ఉంటోంది. లిఫ్టు ఉంది, వాచ్‌మన్ భార్య కూరలు తెచ్చిపెడుతుంది. "ఇప్పుడు నిద్ర పడుతోందమ్మాయ్" అంది. ఆ నిద్ర కంటే పెంకులు ఎక్కువని నేననలేను.

నాకు బాధ కలిగించేది కింది అంతస్తు. కొత్తగా కట్టినవాటిలో అదంతా స్టిల్టే, అంటే గదుల్లేకుండా స్తంభాల మధ్య పార్కింగే, వీధికి ఎదురుగా కార్లే. మా పక్క ఇల్లు పడగొట్టినప్పుడు ఆ అరుగు చివర మిషను పెట్టుకుని కుట్టే టైలరుకి చోటు పోయింది. వేప చెట్టు కింద ఇస్త్రీ బండి అడ్డరోడ్డు తర్వాత అడ్డరోడ్డు జరుగుతూ ఎటో పోయింది. చుట్టూ హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు. సాయంత్రం పుస్తకాలు పట్టుకుని వందలమంది పిల్లలు నడుస్తారు. వాళ్లకి రెండు నిమిషాలు కూర్చునే చోటు లేదు.

అలా కాకుండా కట్టినవాళ్లూ ఉన్నారు. మాకు నాలుగు అడ్డరోడ్ల అవతల ఒక డాక్టరుగారి కుటుంబం ఇల్లు ఇచ్చేటప్పుడే ముందు గది అడిగి పెట్టించుకుంది. పైన అయిదు అంతస్తులు, కింద మూలన రోడ్డు వైపు తలుపున్న చిన్న డిస్పెన్సరీ, బయట సిమెంటు బెంచీ. తండ్రి కూర్చున్నచోటే కూతురు కూర్చుంటోంది. ఆ బెంచీ ఖాళీగా ఉండగా నేను చూడలేదు.

కిందటేడు అత్తయ్యగారు పోయారు. మా మరిదీ, ఆడపడుచూ ఇల్లు ఇచ్చేద్దామన్నారు. నేనూ సరేనన్నాను. అగ్రిమెంటులో మూడు రాయమన్నాను. వెనక బావి పూడ్చకూడదు, డాబా మీద వాన నీళ్లు పైపు వేసి అందులోకే వదలాలి. రోడ్డు వైపు విడి గుమ్మంతో ఒక గది. దాని ముందు అరుగు, గేటు లోపల కాదు, గేటు పక్కన.

బిల్డరు మంచివాడే, కాగితం తిప్పి తిప్పి చూశాడు. "బావి పర్లేదు అమ్మగారూ. గది కడితే రెండు కార్ల పార్కింగ్ పోతుందండీ" అన్నాడు. మా మరిది నా వైపు చూసి, "మా వాటాలో తగ్గించుకోండి. వదిన పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టుకుంటుంది?" అన్నాడు. వచ్చే వారం ప్లాను మార్చి గీయించుకొస్తానని బిల్డరు వెళ్లాడు.